ఎడమ పక్క సీటు

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాకు జారేది ఎప్పుడూ నోరే. ఆ ఏడు మాఘమాసంలో, మా మామిడితోటలో ఆకు కనపడకుండా పూత విరగబూసిన రోజుల్లో, మా వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్న తోటల వ్యాపారితో ఇలా అనేశాను: "ఈసారి కాయ మీకివ్వనండీ. నేనే కోయించి, నేనే బండి తోలుకెళ్ళి, నేనే అమ్ముకుంటాను."

అప్పటికి నాకు బండి లేదు. ఉన్నా నడపడం రాదు.

మాది ముసునూరు దగ్గర ఊరు. మా ఆయన ఊళ్ళో గుడికి అర్చకులు. నేను రోజూ బస్సెక్కి నూజివీడు వెళ్ళి, కోర్టు సందులో ఒక వకీలుగారి ఆఫీసులో టైపు చేస్తాను. మొదట్లో మిషను మీద కొట్టేదాన్ని, ఇప్పుడు కంప్యూటరు మీద కొడుతున్నాను, వేళ్ళ నొప్పులు మాత్రం మారలేదు. తోట నాది. మా అమ్మ పసుపు కుంకుమ కింద నాకిచ్చింది. పెద్దదేమీ కాదు. ఒక మూల కలెక్టరు కాయ, కొన్ని బంగినపల్లి చెట్లు, మిగతావన్నీ చిన్న రసాలు.

మా వైపు తోట ఉన్నవాళ్ళు చాలామంది కాయ కోసి అమ్ముకోరు. పూత మీదే వ్యాపారికి ఇచ్చేస్తారు. ఆయన వచ్చి చెట్ల మధ్య తిరిగి, తల పైకెత్తి చూసి, ఒక రేటు చెప్తాడు. ఒప్పుకున్నామంటే, ఆఖరి కాయ దిగేదాకా చెట్టు మనది, కాయ ఆయనది. ఆవకాయకి నాలుగు కాయలు కావాలన్నా ఆయన పెట్టిన కాపలా మనిషిని అడగాలి. మా అమ్మ నాటిన చెట్టు కింద నేను సంచి పట్టుకుని దొంగలా నిలబడిన ఏళ్ళు చాలానే ఉన్నాయి.

ఆ ఏడు ఆయన చెప్పిన రేటు నాకు నచ్చలేదు. పూత ఇంత ఉంది కదండీ అంటే, "పూతదేముందమ్మా, నాలుగు రోజులు మంచు పడితే మాడిపోద్ది" అన్నాడు. సరే, బేరమన్నాక అలాగే అంటారు. అక్కడితో ఆగితే నేనూ ఆగేదాన్నేమో. కాఫీ గ్లాసు కింద పెట్టి ఇంకో మాట అన్నాడు.

"పోనీ మీరే కోయించుకుంటారనుకోండి, ఎవరు తీసుకెళ్తారండీ? బండి లేదు, తోలే మగాడు లేడు. సీజన్లో అద్దె బండి దొరకాలంటే దేవుడు దిగి రావాలి."

తోలే మగాడు లేడని అన్నప్పుడు మా ఆయన అక్కడే కూర్చుని తమలపాకులు తుడుస్తున్నారు. తుడుస్తూనే ఉన్నారు. ఏమంటారు పాపం, అది నిజమే కదా. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఎవరు బండి కొన్నా పూజ చేసేది ఆయనే. కొత్త ట్రాక్టరైనా, పాత మోటారు సైకిలైనా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేదీ, కొబ్బరికాయ కొట్టేదీ, హారతిచ్చేదీ ఆయన చెయ్యే. ఆ చేతికి సైకిలు హ్యాండిలు కూడా లొంగలేదు. బస్సులో డ్రైవరు వెనక సీటిచ్చినా కళ్ళు మూసుకుని కూర్చునే మనిషి. అందుకే నాకు మండింది. మండి ఆ మాట అనేశాను.

వ్యాపారి నవ్వాడు. "సరేనమ్మా, కాయ దిగాక చూద్దాం" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు నాకు నిద్ర పట్టనివ్వలేదు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నారు మా ఆయన ఆకులు పళ్ళెంలో సర్దుతూ. "బండెక్కడుందోయ్ మనకి?"

"వస్తుంది లెండి. మీరు నిమ్మకాయలు సిద్ధం చేసుకోండి."

వకీలుగారి క్లయింటు ఒకాయన పాత వ్యాను అమ్ముతున్నాడని తెలిసి, చీటీ పాడి అది కొనేశాను. రంగు వెలిసింది, హారను గొంతు పట్టేసినట్టు మోగుతుంది, కానీ వెనక సీటు మడిస్తే ట్రేలు బాగా పడతాయి. తర్వాత నూజివీడులో కంప్యూటరు ముందు కూర్చుని, రోడ్డు పక్క బోర్డుల బొమ్మలన్నీ గుర్తుపట్టి, ఎల్లెల్లార్ తెచ్చుకున్నాను. నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు అది. దాంతో బండి నడపొచ్చు, కానీ ముందూ వెనకా తెల్ల అట్ట మీద ఎర్రటి ఎల్ కనపడాలి. పక్క సీటులో పూర్తి లైసెన్సున్న మనిషి కూర్చోవాలి, అవసరమైతే బండి ఆపగలిగేలా. ఆ సీటు ఖాళీగా ఉంటే నా చేతిలో ఉన్న కాగితం ఉన్నా లేనట్టే.

ఈ సంగతి చెప్తే మా ఊళ్ళో నవ్వని వాళ్ళు లేరు. "పక్కన మనిషెందుకండీ, పేరంటానికా?" అని ఒకావిడ. "మా వాడు ఎల్లెల్లార్ కూడా లేకుండా బెజవాడ వెళ్ళొచ్చాడండీ, ఎవరడిగారు?" అని ఇంకొకాయన. ఎవరడుగుతారు, ఎవరడుగుతారు! అడిగేవాళ్ళు ఎప్పుడొస్తారో నాకు తెలుసు. అంతా అయిపోయాక వస్తారు. అప్పుడు వాళ్ళడిగే ప్రశ్నలన్నీ టైపు చేసేది నేనే.

ఒక కేసు నా వేళ్ళకి ఇప్పటికీ గుర్తే. చాట్రాయి వైపు మనిషి. మామిడితోట ఉంది, కారు కొన్నాడు, ఎల్లెల్లార్ తీసుకున్నాడు. కూతురి పెళ్ళి శుభలేఖలు పంచడానికి ఒక్కడే బయల్దేరాడు. పక్కన ఎవరూ లేరు. ఇంటి గేటు దాటి ఇంకా పెద్ద రోడ్డు ఎక్కనేలేదు, సైకిలు మీద వస్తున్న ముసలాయన కారు కింద పడ్డాడు. తప్పు ఎవరిదో నాకీనాటికీ తెలియదు. సైకిలాయన అడ్డం వచ్చాడని చెప్పినవాళ్ళూ ఉన్నారు. కానీ ఎల్లెల్లార్‌తో ఒంటరిగా నడిపిన మనిషి మాట ఎవరు వింటారు? పోలీసు కేసు ఒకవైపు. ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళు షరతు తప్పాడన్నారు. చివరికి చనిపోయినాయన కుటుంబానికి ముందు కంపెనీ కట్టాలనీ, కట్టింది మళ్ళీ కారు యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చనీ తేలింది. యజమాని అంటే ఆయనే. తోట అమ్మేశాడు. ఆ తోట కాగితాలు కూడా మా ఆఫీసులోనే టైపయ్యాయి. ఆయన వచ్చి నా బల్ల ఎదురుగా కూర్చుని, టైపవుతున్నంతసేపూ నా వేళ్ళ వంకే చూశాడు.

తోట కోసం బండి కొన్నాను. ఆ బండితోనే తోట పోగొట్టుకోవడానికి నాకేమన్నా పిచ్చా?

మరి పక్కన కూర్చునేదెవరు? మా ఇంట్లో కారు లైసెన్సున్న మనిషి ఒక్కరే. మా వదిన. మా ఆయనకి అక్కగారు. ఆవిడ భర్త విజయవాడలో కాలేజీ లెక్చరరు. ఆయన పట్టుబట్టి ఆవిడకి కారు నేర్పించారు, లైసెన్సు ఇప్పించారు. ఆయన జబ్బు పడ్డాక ఆస్పత్రికి తిప్పిందీ ఆవిడే, ఆఖరిసారి తీసుకెళ్ళిందీ ఆవిడే. ఆయన పోయాక మా ఇంటికొచ్చి పెరటి వైపు గదిలో ఉంటున్నారు. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు.

స్టీరింగే కాదు, వీధి గుమ్మం కూడా ముట్టుకోలేదు. పొద్దున్నే గుడికెళ్ళే తమ్ముడికి ఎదురు రాకూడదని, ఆయన చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా గది తలుపు తీసేవారు కాదు. ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యమైనా తలనొప్పి అనేవారు. అలా ఉండమని ఆవిడతో మేమెవరం అనలేదు. ఆవిడకి ఆవిడే గిరి గీసుకున్నారు. మా ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది.

"వదినా, మీ లైసెన్సుకి ఇంకా గడువుందా?" అని అడిగాను ఓ సాయంత్రం.

"ఉంది. ఎందుకే?"

"నా పక్కన కూర్చోవాలి."

"నేను బండి ముట్టుకోనమ్మాయ్. నీకు తెలుసుగా."

"ముట్టుకోవద్దండీ. నేను గోడకి గుద్దబోతుంటే హ్యాండ్ బ్రేకు లాగండి. చాలు."

"గోడకి ఎందుకు గుద్దుతావే?" అన్నారు. ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

మొదటి రోజు పెరటి వైపు నుంచి వచ్చి బండెక్కి, కొంగు నిండా కప్పుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రోడ్డుకేసి చూడకుండా కూర్చున్నారు. నేను క్లచ్చి వదిలితే బండి దూకి ఆగిపోయింది. మళ్ళీ వదిలాను, మళ్ళీ దూకి ఆగింది. మూడోసారి ఆవిడ ఉండబట్టలేకపోయారు. "ఆ కాలెందుకే అంత గబుక్కున తీస్తావ్? నిప్పు మీద పెట్టావా?" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి నోరు ఆగలేదు. నా నోరే పెద్దదని ఊళ్ళో పేరు. పక్క సీటులో కూర్చున్నాక ఆవిడ ముందు నేనెంత!

"ఎదురుగా గేదె."

"కనపడుతోంది వదినా."

"కనపడితే హారనెందుకే? దానికి చెవులున్నాయి కానీ బుద్ధి లేదు. ఆగు. అదే పోతుంది."

పొద్దున్నే చాట్రాయి రోడ్డు మీద, రెండు వైపులా తోటలు, పిందెల బరువుకి కొమ్మలు కిందికి వంగుతున్న రోజులు. ఒకసారి నూజివీడు బస్సుకి ఎదురుగా నా బండి ఆగిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఇంట్లో వంట చేసుకోక ఎందుకమ్మా నీకిది?" అన్నాడు. నేను డోరు తీసుకుని దిగాను. "వంట చేసే వచ్చానయ్యా, నీకేమన్నా క్యారేజీ కట్టాలా?" అన్నాను. బస్సులో జనం గొల్లున నవ్వారు. తిరిగొచ్చి కూర్చుంటే, వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంబడి నీళ్ళు కారేలా నవ్వుతున్నారు. మా ఇంటికొచ్చాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. "క్యారేజీ కట్టాలా!" అని దారి పొడుగునా అనుకుని నవ్వుకున్నారు.

ఎల్లెల్లార్ వచ్చి నెల దాటాక టెస్టుకి వెళ్ళాను. ముందుకి బాగానే నడిపాను. రివర్సులో వంకర దారిలోంచి రమ్మంటే పక్కన పాతిన గెడ ఒకటి పడేశాను. బ్రేకు ఇనస్పెక్టరు, అంటే లైసెన్సు పరీక్ష పెట్టే ఆఫీసరు, "వెనక్కి ఇంకా నేర్చుకుని రండమ్మా" అన్నాడు. మళ్ళీ టెస్టుకి రోజు దొరికేసరికి కాయ కోతలు మొదలైపోతాయి. ఇంటికొచ్చి అన్నం తినకుండా కూర్చున్నాను. వదిన నన్ను ఓదార్చలేదు. తోటలోకి వెళ్ళి, కాయలు కోసే చిక్కపు గెడలన్నీ పాతించి, వంకర దారి గీయించారు. "పడేసినన్నిసార్లూ నువ్వే దిగి పాతాలి" అన్నారు. ఎండలో నేను దిగుతూ ఎక్కుతూ ఉంటే, చెట్టు నీడలో బండి ఆపినప్పుడల్లా ఆవిడ పిందె కోసి ఉప్పుతో నమిలేవారు. నాకొక ముక్క కూడా పెట్టలేదు.

చిన్న రసాలు పక్వానికి వచ్చాయి. చెట్టు మీద ఉంచితే రాలిపోతాయి, కోస్తే ఆ రోజే కదలాలి. మొదటి కోతకి మా ఆయన ముహూర్తం పెట్టారు. ఆ రోజు పొద్దెక్కేసరికి కూలీలు చిక్కాలతో కాయ దింపి, సొన కారిపోయేదాకా తొడిమ కిందికి పెట్టి ఆరబెట్టి, ట్రేల్లో వరిగడ్డి వేసి సర్దేశారు. మా ఇంటి గేటు లోపల నిలబెట్టిన బండిలోకి ట్రేలు ఎక్కించారు. మా ఆయన ఎప్పుడూ ఎవరి బండికీ వేయనంత పెద్ద బంతిపూల దండ ముందు కట్టారు, వెనక అద్దం నిండా పసుపు రాశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. చూడడానికి ఊళ్ళో సగం మంది వచ్చారు. మోటారు సైకిలు రోడ్డు మీద ఆపి, దాని మీదే కూర్చుని, తోటల వ్యాపారి కూడా వచ్చాడు.

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఎడమ పక్కకి చూశాను. సీటు ఖాళీ.

"వదిన ఏరండీ?"

మా ఆయన కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "అక్కయ్య పెరటి దారిన వెళ్ళి మలుపు దగ్గర నుంచుంటుందిట. మొదటి కాయ బయల్దేరే వేళ తను ఎదురు పడకూడదంటోంది. నువ్వు మలుపు దాకా పోనియ్యి, అక్కడ ఎక్కుతుంది."

"మలుపు దాకా నా పక్కన ఎవరుంటారు?"

"ఎంత దూరమోయ్ అది? కేకేస్తే వినపడుతుంది. ముహూర్తం దాటిపోతోంది."

రోడ్డు మీద నుంచి వ్యాపారి అందుకున్నాడు. "పోనియ్యండమ్మా, మలుపు దాకా ఎవడు చూస్తాడు?"

నిజం చెప్పాలంటే, నేనూ అనుకున్నాను, మలుపు దాకానే కదా అని. తాళం తిప్పాను కూడా. ఇంతమంది చూస్తున్నారు, వెనక కాయ వేడెక్కుతోంది, ఇప్పుడు దిగితే ఆ నవ్వు మళ్ళీ చూడాలి. కానీ నా వేళ్ళకి గుర్తుంది. ఆ చాట్రాయి ఆయన కూడా ఇంటి గేటు దాటి పెద్ద రోడ్డు ఎక్కనేలేదు. గేటుకీ మలుపుకీ మధ్య బడికెళ్ళే పిల్లలున్నారు, కూలీల సైకిళ్ళున్నాయి, మా పక్కింటి చెవిటి ముసలావిడ ఉంది. వాళ్ళలో ఒకరికి ఏమన్నా అయితే? బండి ఆపి, తాళం పీక్కుని, దిగి, పెరట్లోకి నడిచాను.

వదిన చెప్పులేసుకుని పెరటి తలుపు గడియ తీస్తున్నారు. చేతిలో బ్యాగు.

"వదినా, ఇటు రండి. బండెక్కండి."

"మలుపు దగ్గర ఎక్కుతానని చెప్పానుగా."

"మలుపు దాకా నేను లైసెన్సు లేనిదాన్నండీ."

"అమ్మాయ్, నా మాట విను. మొదటి కాయ. నేనెదురొస్తే అచ్చిరాదు. ఏదన్నా తేడా వస్తే నా మూలంగానే అంటారు. వాళ్ళనక ముందే నేననుకుంటాను. ఆ రోజు ఆయన్ని తీసుకెళ్ళినప్పుడు కూడా..." అని ఆగిపోయారు.

నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఏడుపొచ్చింది. "మీరు ఎదురెందుకొస్తారు వదినా? పక్కన కూర్చుంటారు. నాకు భయంగా ఉంది. నిజంగా భయంగా ఉంది. మీరు లేకపోతే నాకు ఆ మలుపు దాకా కూడా రాదు. ఏదన్నా అయితే అమ్మ ఇచ్చిన తోట పోతుంది, మీరు కూర్చుంటే ఉంటుంది. అంతే నాకు తెలిసింది."

వెనక చప్పుడైతే తిరిగి చూశాం. మా ఆయన హారతి పళ్ళెంతో నిలబడి ఉన్నారు. గొడవలంటే ఆయనకి బండ్లంత భయం. వదిన ఆయన్నే అడిగారు. "నువ్వు చెప్పరా. శాస్త్రం చదివినవాడివి."

ఆయన చెవి గోక్కున్నారు. "ఎదురు రావడం గురించైతే పెద్దవాళ్ళు ఏదేదో అంటారు గానీ, కార్లో ఎడమ పక్క సీటు గురించి నేనెక్కడా చదవలేదక్కయ్యా." ఇంకొంచెంసేపు ఆలోచించి, పళ్ళెం ముందుకి పెట్టారు. "ముందు నువ్వు హారతి తీసుకో. తర్వాత బండికిస్తాను."

మా పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పొంగలేదు. వదిన హారతి కళ్ళకద్దుకున్నారు. పెరటి గడియ మళ్ళీ వేశారు. ఇంట్లోంచి నడిచి, వీధి గుమ్మంలోంచి, అందరి ముందు నుంచి వచ్చారు. వ్యాపారి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ ఎవరినీ చూడకుండా బండెక్కి, బెల్టు పెట్టుకుని, ఒళ్ళో బ్యాగు సర్దుకున్నారు.

"హ్యాండ్ బ్రేకు దించు. లేకపోతే ఇక్కడే ఉంటాం."

దించాను. నిమ్మకాయలు టప్పున చితికాయి. ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో నేను చూడలేదు, నేను రోడ్డు చూస్తున్నాను.

నూజివీడు దాటి, లారీల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, హనుమాన్ జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి పోలీసులు బళ్ళు ఆపుతున్నారు. కానిస్టేబులు ఎల్లెల్లార్ చూసి, "ఎల్ బోర్డేదమ్మా?" అన్నాడు. దిగి చూస్తే ఏముంది, ముందు బోర్డు బంతిపూల దండ వెనక దాక్కుంది, వెనకది పసుపు మాటున మరుగైపోయింది. మా ఆయన భక్తి అలాంటిది. దండ పైకెత్తి, పసుపు కొంగుతో తుడిచి చూపించాను. కానిస్టేబులు నవ్వు ఆపుకుంటూ ఎస్సైని పిలిచాడు.

"పక్కన ఎవరమ్మా?"

నేను నోరు తెరిచేలోపే వదిన బ్యాగులోంచి కార్డు తీసి, కిటికీలోంచి బయటికి చాచారు. ఎస్సై గడువు తేదీ చూశాడు, ఫోటో చూశాడు, ఆవిడ మొహం చూశాడు. "పొద్దుట్నుంచీ చూస్తున్నానండీ. బోర్డున్న వాడికి పక్కన మనిషి లేడు, మనిషున్న వాడికి లైసెన్సు లేదు. అదిగో ఆ కారు ఆపేశాం. తోలినాయన మీదే కాదు, కారిచ్చినాయన మీద కూడా కేసు రాశాం. ఊరికే మలుపు దాకా వచ్చానంటాడు, మలుపు ఇక్కడికి ఎంత దూరమో!" అని కార్డు రెండు చేతులతో తిరిగిచ్చాడు. "దండ కొంచెం పక్కకి కట్టుకోండమ్మా. వెళ్ళిరండి."

కొంచెం దూరం వెళ్ళాక వదిన గట్టిగా ఊపిరి వదిలారు. "ఆ కార్డు ఆయనే ఇప్పించారు తెలుసా" అన్నారు. "ఎప్పటికైనా పనికొస్తుందనేవారు." అద్దంలోంచి లారీలకేసి చూస్తూ, కళ్ళు తుడుచుకోకుండా, అలాగే కూర్చున్నారు.

జంక్షన్లో పళ్ళ దుకాణాల వాళ్ళు మా కాయ ఒకటి పిండి నోట్లో వేసుకున్నారు, ఇంక బేరం ఎక్కువసేపు సాగలేదు. వ్యాపారి చెప్పిన రేటుకీ, మాకు వచ్చిన రేటుకీ పోలికే లేదు. ఖాళీ ట్రేలు వెనక పడేసుకుని, ఇద్దరం హోటల్లో కూర్చుని పెసరట్టు తిన్నాం. వదిన ఇంకొకటి చెప్పించారు. "అల్లం పచ్చడి బాగుందే" అని, సర్వరుని పిలిచి ఇంకా వేయించుకున్నారు. నాకు ఆ పూట రాజ్యం గెలిచినట్టుంది. ఇంటికెళ్ళేసరికి వ్యాపారి ఫోను. వచ్చే ఏడు రేటు గురించి కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. "కాయ దిగాక చూద్దాం లెండి" అన్నాను.

మళ్ళీ టెస్టు. ఈసారి బ్రేకు ఇనస్పెక్టరు నా ఎడమ పక్కనే కూర్చున్నాడు. రివర్సు గేరు వేసి, అలవాటు కొద్దీ, "వదినా, అటు గెడ చూస్తున్నారా?" అనేశాను. ఆయన కలం ఆపి నన్ను చూశాడు. "నేను మీ వదిన్ని కాదమ్మా, అయినా చూస్తున్నాను, రండి" అన్నాడు. ఒక్క గెడ కూడా కదలలేదు. బయట వేపచెట్టు కింద నిలబడ్డ వదినకి దూరం నుంచే బొటనవేలు చూపించాను. ఆవిడ అందరూ చూస్తుండగా రెండు చేతులూ పైకెత్తారు.

లైసెన్సు చేతికొచ్చాక మొదటి కోత. ఎల్ బోర్డులు రెండూ పీకేశాను. ట్రేలు ఎక్కాయి. వదిన తెల్లవారకముందే లేచి స్నానం చేశారు, నాకు కాఫీ కలిపిచ్చారు, ఇచ్చి గ్లాసు తీసుకుని, "ఇంక నాతో పనేముందే, జాగ్రత్తగా వెళ్ళిరా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అని పెరటి గదిలోకి వెళ్ళారు. తలుపు మూసిన చప్పుడు వినపడింది.

బండెక్కాను. ఎడమ పక్క ఖాళీ. ఇవాళ అది ఖాళీగా ఉండొచ్చు. ఇన్ని నెలలు నేను పడ్డ కష్టమంతా ఆ సీటు ఖాళీగా ఉండడానికే. తాళం తిప్పలేదు. హారను కొట్టాను. పెరటి తలుపు తెరుచుకునేదాకా ఆపకుండా కొట్టాను. కూలీలు చెవులు మూసుకున్నారు.

"ఏంటే ఆ గోల? ఇంకా వెళ్ళలేదా?"

"వదినా, గేటు బయటికెళ్ళండి."

"ఎందుకు?"

"రోడ్డు మీదికెళ్ళి అటు నుంచి ఇటు నడిచి రండి. నాకు ఎదురు రండి."

ఆవిడ నిలబడిపోయారు. హారతి పళ్ళెంతో ఉన్న మా ఆయనా నిలబడిపోయారు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నారు వదిన.

"పట్టింది. చట్టానికి ఇంక మీతో పనిలేదు, నాకుంది. మీరు ఎదురొస్తేగాని నేను కదలను. కాయ చెడిపోతే మీదే బాధ్యత."

ఆవిడ కొంగు భుజం చుట్టూ తిప్పి, నా బండి ముందు నుంచే నడిచి గేటు దాటి, రోడ్డు మీద కొంత దూరం వెళ్ళి, వెనక్కి తిరిగారు. మొహం తూర్పుకి ఉంది, ఎండ కళ్ళలో పడుతోంది. తల దించుకోలేదు. నాకు ఎదురుగా, రోడ్డు మధ్యనే, నిదానంగా నడిచి వచ్చారు. నాకు కళ్ళు మసకబారాయి, అలాంటి కళ్ళతో బండి నడపకూడదని ఆవిడే నేర్పింది కాబట్టి తుడుచుకున్నాను. కిటికీ దగ్గరికొచ్చి, "వెనక డోరు సరిగ్గా పడలేదు చూడు" అని, చుట్టూ తిరిగి వెళ్ళి ఆవిడే గట్టిగా వేసి, డోరు మీద రెండుసార్లు తట్టారు.

ఆ రోజు కాయ జంక్షన్లో దింపీ దింపగానే అయిపోయింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, వదిన వీధి అరుగు మీద కూర్చుని మల్లెమొగ్గలు మాల కడుతూ, తలెత్తకుండా అడిగారు.

"రేపు కూడా ఎదురు రావాలా?"

"రోజూ రావాలండీ" అన్నాను.